ఒక్క స్టారు ఇల్లు

జన్నారం,
30 డిసెంబరు 2024.

నా చెల్లెలి బిడ్డ హెప్సిబాకు, పెద్దమ్మ ఎలీసబెతు చెప్పి రాయించే ఉత్తరం. రాసేది పక్కింటి అంగన్‌వాడీ రమ.

నువ్వు ఫోను చేసినప్పుడల్లా "ఆఁ, ఆఁ" అంటానే కానీ నాకు ఒక్క ముక్క వినపడదు. చెవిలో తేనెటీగ దూరినట్టు ఉంటుంది. అందుకే ఈ కాగితం. రమ నా మాటలను పుస్తకం మాటలు చేసి రాస్తుంది. "నేనన్నది అన్నట్టే రాయవే" అంటే, "పెద్దమ్మా, రాతకు ఒక పద్ధతుంటది" అంటుంది. సరే, పద్ధతి దానిది, మాట నాది.

క్రిస్మస్ పండుగ బాగా జరిగింది. గుడిలో ఈసారి మైకు పెట్టారు, నా చెవికి అదీ చాలలేదు. చలి మాత్రం ఎముకలు కొరుకుతోంది. పత్తి ఇంకా సగం చేలల్లోనే ఉంది.

నువ్వు ఫోనులో అద్దెకు పెట్టిన మన వెనక గదికి వచ్చిన హైదరాబాదు వాళ్లు వెళ్లిపోయారు. మొగుడు, పెండ్లాం, చిన్న పాప. అడవి చూడాలి, రెండు రోజులు ఉంటామని వచ్చి, ఒక్క రాత్రికే మూట కట్టారు. నీ ఫోనులో వాళ్ల గురించి మంచిమాటే రాయి. మన ఇంట్లో అన్నం తిన్నవాళ్లు. అంతకన్నా నన్ను ఏమీ అడగకు.

ఆ పాప తల్లి ఫోను నంబరు నీ దగ్గర ఉందా? ఉంటే రాసి పంపు. మొగుడిది వద్దు, ఆమెదే.

ఇట్లు, నీ క్షేమం కోరే
పెద్దమ్మ


కరీంనగర్,
9 జనవరి 2025.

పెద్దమ్మకు హెప్సిబా వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు పడి జవాబు ఆలస్యమైంది. ఆమె నంబరు నా దగ్గర లేదు. గది తీసుకున్నది భర్త పేరు మీద. ఆయన నంబరే ఉంది.

నువ్వు చెప్పినట్టే వాళ్ల గురించి మంచిగా రాశాను. "మర్యాదస్తులు, గది శుభ్రంగా ఉంచారు, మళ్లీ రావాలి" అని రాసి అయిదుకు అయిదు స్టార్లు ఇచ్చాను. అందరికీ అలాగే ఇస్తాను. మనం ఇస్తే వాళ్లూ ఇస్తారని ఆశ. ఫోనులో గదులు అద్దెకిప్పించే ఆ కంపెనీ పద్ధతి ఏమిటంటే, ఇద్దరూ రాసేదాకా ఒకరి రాత ఒకరికి చూపించదు. నాది పెట్టాక ఆయనది తెరుచుకుంది.

ఆయన రాసింది తెలుగులో చెబుతాను. "తెల్లవారకముందే ఈ ఇంటి ముసలావిడ తలుపు తట్టకుండా మా గదిలోకి వచ్చింది. ఉప్పు కావాలని అడిగింది. వెళ్లమన్నా వెళ్లకుండా మా మంచం మీద కూర్చుంది. వెలుగొచ్చేదాకా కదల్లేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు ఈ ఇంటికి పోవద్దు." ఒక్క స్టారు.

ఇది అబద్ధమని, తీసేయమని కంపెనీకి రాశాను. "వాళ్లు మర్యాదస్తులని మీరే రాశారు కదా, ఆయన రాసింది చూశాక మాట మారుస్తున్నారు" అని జవాబిచ్చారు. ఇలాంటి ఫిర్యాదు ఇంకొకటి వస్తే మన పేజీ మూసేస్తారట.

అది అబద్ధమేనా పెద్దమ్మా? ఉప్పు ఎందుకు అడుగుతావు, వంటింట్లో డబ్బా నిండా ఉంటే? జరిగింది జరిగినట్టు చెప్పు.

నీ బిడ్డ
హెప్సిబా


జన్నారం,
16 జనవరి 2025.

హెప్సిబా,

అబద్ధం కాదు. నేను ఆ గదిలోకి వెళ్లింది నిజం. ఉప్పు అడిగింది నిజం. మంచం మీద కూర్చున్నది నిజం. పొమ్మని చెయ్యి ఊపాడు, అది కూడా నిజం. ఎందుకు వెళ్లానన్నది ఈ కాగితం మీదికి రాదు. రమ కలం ఆపి నా మొహం చూస్తోంది. "ఎందుకు పోయినవ్ పెద్దమ్మా?" అంటోంది. "నీకెందుకే, రాసే పని రాయి" అన్నాను. అది కూడా రాయమన్నాను.

ఇప్పుడు నా మాట ఆ కంపెనీకి చెప్పు. మీ పెద్దనాన్న తోమాసు బెల్లంపల్లిలో బొగ్గుబాయి దిగినవాడు. బాయి మీద తప్పు జరిగితే ఛార్జిషీటు ఇచ్చేవాళ్లు. ఇచ్చినా, మనిషిని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి "నీ మాటేంది చెప్పు" అని అడిగేవాళ్లు. యూనియను మనిషి పక్కన ఉండేవాడు. ఈ కంపెనీకి ఆ పాటి ఇంగితం లేదా? ఒకడు ఎక్కడో కూర్చుని ముసలిదాని మీద నాలుగు ముక్కలు గీకితే అదే తీర్పా? నన్ను పిలవమను. బస్సెక్కి వస్తాను. ఏ ఊళ్లో ఉంటుంది ఆ కంపెనీ?

అతను రాసింది తీసేయమని నేను అడగడం లేదు. జరిగిందే రాశాడు, జరిగినదాంట్లో సగం దాచాడు. ఆ సగం చెప్పే హక్కు నాకు లేదు. నేను ఒకరికి మాట ఇచ్చాను, దాని మీద నిలబడ్డాను. నువ్వు నన్ను నమ్మితే చాలు. అతనికి జవాబుగా ఏమీ రాయకు. చల్లగా ఊరుకో.

పెద్దమ్మ ఎలీసబెతు


కరీంనగర్,
24 జనవరి 2025.

పెద్దమ్మకు వందనాలు.

ఈ ఉత్తరం రాయడానికి మనసు రావడం లేదు. అయినా రాయాలి.

కంపెనీ ఇక వినదు. పిలిచి అడిగే మనిషి అంటూ అక్కడ ఎవరూ లేరు. మెసేజీ పెడితే ప్రతిసారి వేరే పేరుతో జవాబు వస్తుంది. "అది అతిథి అనుభవం, అది నిజమా కాదా అన్నది మేం తేల్చం" అని చివరి మాట చెప్పారు. సంక్రాంతి సెలవులకు గది తీసుకున్న రెండు కుటుంబాలు మానుకున్నాయి. ఆయన రాసిన దాని కింద ఇంటివాళ్లు ఒకసారి జవాబు పెట్టుకోవచ్చు. నీ ఉత్తరం చేరేలోపే నేను పెట్టేశాను. "మా పెద్దమ్మ వయసులో పెద్దది, చెవులు వినపడవు, ఈ మధ్య మతి నిలకడగా ఉండటం లేదు. క్షమించండి. ఇకపై అతిథులు ఉన్నప్పుడు ఆమెను వేరే చోట ఉంచుతాం" అని రాశాను.

కోప్పడకు. మా అమ్మ సంగతి నీకు తెలుసు. అమ్మకు కూడా మొదట ఇలాగే మొదలైంది. ఇంట్లో ఉన్నా పక్కింటికి పోయి ఉప్పు అడిగేది. ఎవరి మంచం మీదనో కూర్చుని ఇల్లు ఇదే అనేది. మేమంతా నవ్వుకున్నాం, డాక్టరు దగ్గరికి తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. నీ విషయంలో ఆలస్యం చేయను. వచ్చే నెల సెలవు పెట్టి వస్తాను. ఇక్కడ తలకాయ డాక్టరుకు చూపిద్దాం.

ఇంకొకటి. ఈ పేజీ మూసేసి, వేరే పేరుతో కొత్త పేజీ తెరుస్తాను. అందరూ అదే చేస్తున్నారు. పాత మచ్చ పోతుంది. నువ్వు దేనికీ ఫికర్ పెట్టుకోకు.

హెప్సిబా


జన్నారం,
1 ఫిబ్రవరి 2025.

హెప్సిబా,

ఈ ఉత్తరం రమ రాయలేదు. దేవదాస్ సారు రాస్తున్నాడు, మిషను బడిలో నీకు లెక్కలు చెప్పినాయన. వయసుకు ఆయన చేయి వణుకుతుంది, అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, ఓపికగా చదువు. బైబిలు మీద చేయి పెట్టించాకే కలం ఇచ్చాను. "నా మీద నమ్మకం లేదా ఎలీసబెతమ్మా?" అన్నాడు. "నీ మీద ఉన్నది సారూ, నీ ఇంటామె మీద లేదు" అన్నాను. నవ్వి చేయి పెట్టాడు.

చదువు రానిదాని బతుకు ఇది. మనసులో మాట నీకు చెప్పాలంటే ముందు ఇంకొకరికి చెప్పాలి. రమ మంచిదే. కానీ దానికి చెబితే పొద్దు గూకేలోపు పత్తి ఏరే ఆడవాళ్లందరికీ తెలుస్తుంది. అందుకే నీకు చెప్పలేదు. అంతేకానీ మతి లేక కాదు.

విను. ఆ రోజు ఇంకా చీకటి విడలేదు. నేను ప్రార్థనకు లేచి మోకాళ్ల మీద ఉన్నాను. ఎవరో నా కొంగు లాగారు. చూస్తే ఆ చిన్న పాప. చెప్పుల్లేకుండా, ఆ చలిలో, ఒంటి మీద పలుచని గౌను. నోరు తెరిచి ఏదో చెబుతోంది, నాకు వినపడదు. వేలు పట్టుకుని వెనక గది వైపు లాక్కుపోయింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాను. పాప తల్లి మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవి పగిలింది. అతను ఆమె జుట్టు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి వదిలాడు.

మేం బెల్లంపల్లి క్వార్టర్లలో ఉన్నప్పుడు ఇళ్లన్నీ ఒకే వరుస, ఒకే గోడ. తాగి వచ్చి పెండ్లాన్ని కొట్టే మొగవాళ్లు ఉండేవాళ్లు. పోలీసులు రారు, పెద్దమనుషులు "వాళ్ల సంసారం" అంటారు. మా వరుసలో ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. చప్పుడు విన్న ఆమె తలుపు తట్టకుండా లోపలికి పోవాలి. "వదినా, జర ఉప్పు పెట్టు" అనాలి. ఆ మాట అంటే లోపలామెకు అర్థమవుతుంది, ఇక ఒంటరిది కాదని. ఉప్పు తీసుకుని రావొద్దు. ఇద్దరి నడుమ కూర్చోవాలి. అతను తిట్టనీ, అరవనీ, కదలొద్దు. పరాయి ఆడది ఎదురుగా కూర్చుంటే ఎంతటివాడి చెయ్యి అయినా కొంచెం సేపటికి దిగుతుంది. మీ అమ్మ కూడా మా ఇంట్లో ఉన్నన్ని రోజులు ఇలా ఎన్ని ఇళ్లకు పోయిందో. మతి పోయినాక ఆమె పక్కింటికి పోయి ఉప్పు అడిగింది అన్నావే, ఆమె ఏ ఇంటి గుమ్మంలో ఉన్నాననుకుందో నాకు తెలుసు. నీకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

నేనూ అదే చేశాను. "బిడ్డా, ఉప్పున్నదా?" అన్నాను. ఆమెను లేపి మంచం మీద కూర్చోబెట్టి, వాళ్ల నడుమ నేను కూర్చున్నాను. పాపను ఒళ్లో పెట్టుకున్నాను. అతను అరిచాడు. నాకు ఏం వినపడుతుంది? చెవుడు ఆ ఒక్క పూట పనికొచ్చింది.

తెల్లారాక అతను కారు తుడవడానికి పోయినప్పుడు ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. చెవి దగ్గరికి వచ్చి గట్టిగా చెప్పింది. "అమ్మా, ఎవ్వరికీ చెప్పకు. ఆ ఫోన్ల అస్సలు రాయకండ్రి. ప్రతీది చదువుతడు. మీరేమన్న రాస్తే ఇంటికి పోయినంక నాకే పడుతయ్." నేను మాట ఇచ్చాను. "చేతనైనప్పుడు రా, నీ కోసం తలుపు తెరిచే ఉంటది" అన్నాను. "ఈ ఇల్లు ఫోన్ల నేనే దేవులాడి పట్టిన. మల్ల దేవులాడి పట్టుకుంట" అంది.

ఇప్పుడు చూడు నువ్వు చేసిన పని. ఆమెకు ఈ ఇల్లు దొరికే దారి నీ ఫోనులోని ఆ ఒక్క పేజీ. దాన్ని మూసేస్తానంటున్నావు. రేపు ఎక్కడైనా ఆమె నోరు విప్పితే చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నాకు మతి లేదని నువ్వే, నా చెల్లెలి కడుపున పుట్టినదానివే, అందరూ చదివేట్టు రాశావు. అతను పెట్టిన ఒక్క స్టారు నన్ను ఏమీ చేయలేదు. నీ క్షమాపణ చేసింది.

పేజీ మూశావంటే నా గడప తొక్కకు. మతి లేదన్న మాట చెరిపించు.

ఎలీసబెతు


కరీంనగర్,
7 ఫిబ్రవరి 2025.

పెద్దమ్మా,

నీ ఉత్తరం వార్డులో చదివాను. స్టోరు రూములోకి పోయి కూర్చున్నాను. అమ్మ గురించి నువ్వు రాసింది మళ్లీ మళ్లీ చదివాను. మేం ఆమెను పక్కింటి నుంచి చెయ్యి పట్టి లాక్కొచ్చేవాళ్లం.

పేజీ మూయలేదు, మూయను. కానీ నేను రాసింది చెరిపించలేకపోతున్నాను. ఒకసారి పెట్టిన జవాబును మార్చడానికి లేదట. "నేను తప్పు రాశాను, నా మాట నేనే వెనక్కి తీసుకుంటాను" అని బతిమాలాను. ఆ జవాబు వాళ్ల పద్ధతికి విరుద్ధమేమీ కాదు కాబట్టి అలాగే ఉంటుందట. అబద్ధం రాసినదాన్ని నేనే ఒప్పుకుంటుంటే కూడా తీయరట. జరిగింది చెబితే ఒకవేళ వినేవాళ్లేమో. అది చెప్పడానికి లేదు. అతనికి చేరుతుంది.

కొత్తగా రాయగలిగిన చోటు ఒక్కటే మిగిలింది. పేజీ పైన ఇంటి గురించి చెప్పుకునే నాలుగు మాటలు. దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇప్పుడు అక్కడ "పచ్చని ప్రకృతి ఒడిలో ప్రశాంతమైన గది" అని ఉంది. ఏం రాయమంటావో చెప్పు. ఈసారి నీ మాటలే పెడతాను.

నిన్ను అలా అన్నందుకు క్షమించు అని అడగను. అడిగే మొహం లేదు.

హెప్సిబా


జన్నారం,
13 ఫిబ్రవరి 2025.

హెప్సిబా,

ఏడవకు. నర్సువి, నువ్వే ఏడిస్తే సూది ఎవరు గుచ్చుతారు? మీ అమ్మ అలా పోయింది కాబట్టి నువ్వు భయపడ్డావు. భయపడినదాన్ని తిట్టాను. అయిపోయింది.

ప్రకృతి ఒడి తీసెయ్. ఎవరి ఒడి అది? ఇలా పెట్టు. దేవదాస్ సారు రెండుసార్లు చదివి వినిపించాడు, గట్టిగా, చెవిలో. సరిగ్గానే ఉంది.

"ఇది బొగ్గుబాయి పనిచేసిన తోమాసు కట్టిన ఇల్లు. ఆయన భార్య ఎలీసబెతు ఇక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు. ఆమెకు చెవులు వినపడవు. కళ్లు బాగా కనపడతాయి. చూసింది ఏదీ మరచిపోదు. మతి లేదని కింద రాసిన మాట తప్పు, అది రాసిన బిడ్డే ఆ తప్పు ఒప్పుకుంటోంది. వేడినీళ్లు, జొన్నరొట్టె, కూర ఉంటాయి. రాత్రి గొళ్లెం వేసుకోవచ్చు. కానీ అవసరమనిపిస్తే ఇంటామె తలుపు తట్టకుండా లోపలికి వస్తుంది. పొమ్మన్నా పోదు. అది ఇష్టం లేనివాళ్లు వేరే గది చూసుకోవాలి."

సారు "ఇది చదివి ఎవడొస్తడమ్మా?" అంటున్నాడు. రానివాడు రాకపోనీ. మొగవాళ్లకు భయమైతే అవనీ. చదవాల్సిన మనిషి చదివితే చాలు.

సెలవు దొరికితే రా. తలకాయ డాక్టరు కోసం కాదు, ఊరికే రా.

పెద్దమ్మ


కరీంనగర్,
3 మార్చి 2025.

పెద్దమ్మకు హెప్సిబా వందనాలు.

నువ్వు చెప్పింది అక్షరం మార్చకుండా పెట్టాను. ఆ తర్వాత గది అడిగినవాళ్లు చాలా తగ్గారు. ఒకాయన "ఇది ఇల్లా, జైలా?" అని రాశాడు. పులుల ఫోటోలు తీసే ఇద్దరు అమ్మాయిలు మాత్రం ఆ మాటలు చూసే వస్తున్నామని చెప్పి వచ్చే వారం గది తీసుకున్నారు.

నిన్న ఇంకొక ప్రశ్న వచ్చింది. ఫోటో లేదు, కొత్తగా తెరిచిన ఖాతా, పేరు ఒక్క అక్షరం. "ఆ పెద్దామె ఇప్పుడూ అక్కడే ఉంటుందా? ఒక్కరే ఆడమనిషి, పాపతో రావచ్చా?" అంతే ఉంది.

ఆ పాప తల్లేనేమో అనుకున్నాను. ఆమేనని ఏమీ లేదు, ఎవరైనా కావచ్చు. "ఉంటుంది, రావచ్చు" అని వెంటనే రాశాను. గది తీసుకోకముందు ఫోను నంబరు ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకోదు. అయినా నా నంబరు రాశాను. అంకెల చోట చుక్కలు పెట్టి చెరిపేసింది. అక్షరాల్లో రాశాను, అదీ చెరిపేసింది. ఇంటి చిరునామా పెడితే హెచ్చరిక వచ్చింది. డబ్బు కట్టి గది తీసుకోమందామంటే, బ్యాంకు మెసేజీ ఎవరి ఫోనుకు పోతుందో ఎవరికి తెలుసు? ఆమె నుంచి మళ్లీ మాట లేదు.

ఆమెకు దారి ఎలా చెప్పను పెద్దమ్మా?

హెప్సిబా


జన్నారం,
6 మార్చి 2025.

హెప్సిబా,

పోస్టు దాకా ఆగే ఓపిక లేదు. సారు ఈ కాగితాన్ని ఫోటో తీసి ఇప్పుడే నీ ఫోనుకు పంపుతాడు. చూడగానే ఇది రాసి పెట్టు. ఇందులో అంకెలు లేవు, వీధి పేరు లేదు, కంపెనీ చెరపడానికి ఏమీ దొరకదు.

"మంచిర్యాల నుంచి జన్నారం బస్సు ఎక్కు. కండక్టరుకు నీ పేరు చెప్పకు, పాప పేరు కూడా చెప్పకు. దిగినాక మొగవాళ్లను అడగకు, కూరగాయలమ్మే ఆడవాళ్లను అడుగు. చెవిటి ఎలీసబెతు ఇల్లు ఎక్కడ అంటే తీసుకొచ్చి దింపుతారు. రేపు రా, నెల తర్వాత రా, సంవత్సరం తర్వాత రా. ఇక్కడ ఎవరూ నిన్ను ఎందుకొచ్చావని అడగరు."

అంతే రాయి. నువ్వెవరని అడగకు. ఎప్పుడొస్తుందని అడగకు. గదికి ఎంత అన్నది ఎత్తకు. ఆ ఫోటోల అమ్మాయిలు ముందు గదిలో నాతో పడుకుంటారు, నేను చెబుతాను.

రమకు కూడా చెప్పేశాను. అన్నీ కాదు. "ఒకామె, పాప వస్తరు, నా చుట్టాలు" అన్నాను. "ఎవరు పెద్దమ్మా? నాకు తెల్వని చుట్టాలెవరు నీకు?" అంది. ఊరంతా తిరిగి చెప్పుకోమన్నాను. ఎలీసబెతు ఇంటికి చుట్టాలు వస్తున్నారని ఊరికి ముందే తెలిసి ఉంటే మంచిది. వెనకాల ఎవడైనా వెతుక్కుంటూ వస్తే ఊరే జవాబు చెబుతుంది.

వెనక గది కడిగించాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. బస్సు చప్పుడు నాకు వినపడదు కదా, అందుకని రోడ్డు వైపే చూస్తున్నాను.

పెద్దమ్మ ఎలీసబెతు